ఉస్తాద్ మొహం

లేదంటే ఆ మొహాన్ని నల్లగా నింపేస్తే సరిపోతుంది. కుంచె రెండుసార్లు తిప్పితే పని అయిపోతుంది, ఎందుకలా చేశావని ఎవరైనా అడిగితే ఇది సార్ నేర్పిన విద్యేనని చెప్పొచ్చు, అందులో అబద్ధం కూడా లేదు. ఎల్లేష్ ఈ మాట వారం నుంచి అనుకుంటూనే ఉన్నాడు. పళ్ళు తోముకుంటూ అనుకున్నాడు, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి అనుకున్నాడు, ఇప్పుడు ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డుల దుకాణాల ముందు నుంచి అట్టల సంచి సంకలో పెట్టుకుని నడుస్తూ మళ్ళీ అదే అనుకున్నాడు. సంచిలో ఏడో పేజీ ఉంది. అందులో అంతా అయిపోయింది. మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, తీగలకు చిక్కుకున్న గాలిపటాలు, దూరంగా మీనార్లు. పిట్టగోడ పక్కన వెల్లకిలా పడిపోయిన ముసలాయన, ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు. ఆ తలకు మొహం ఉండాల్సిన చోట మాత్రం కోడిగుడ్డంత తెల్లకాగితం.

ఆ కుర్రాడి పేరు గాలిబిడ్డ. పాతబస్తీ మిద్దెల మీద నుంచి మిద్దెల మీదికి ఎగిరే వీరుడు. అతని కథ ఎల్లేష్ గురువు రఘునాథ్ సార్ రాస్తాడు, బొమ్మలు ఎల్లేష్ గీస్తాడు, డానియేలు అచ్చు వేస్తాడు. నెలకొక పుస్తకం అని మొదలుపెట్టి ఏడాదికి రెండు మూడుకు దిగినా, చదివేవాళ్ళు మాత్రం విడిచిపెట్టలేదు. ఇది ఆఖరి సంచిక.

గాలిబిడ్డకు ఎగరడం నేర్పింది ఉస్తాద్. నేర్పిన తీరు వేరు. మూడో అంతస్తు మీదికి తీసుకెళ్ళి, మాటల్లో పెట్టి, వెనక నుంచి తోసేశాడు. కుర్రాడు పడలేదు, ఎగిరాడు. చదివినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. చాలా సంచికల తర్వాత సార్ ఇంకో సంగతి రాశాడు. గాలిబిడ్డకు ముందు ఇంకో పిల్లవాణ్ణి కూడా ఉస్తాద్ అలాగే తోశాడు. వాడు ఎగరలేదు. ఆ మాట ఉస్తాద్ ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి చదివేవాళ్ళు రెండు ముక్కలయ్యారు, ఉస్తాద్ దేవుడని సగం మంది, హంతకుడని సగం మంది. ఆయన మొహం మాత్రం ఎవరూ చూడలేదు. ఎప్పుడూ తల మీద నుంచి దించుకున్న రుమాలు నీడలోనే ఉంటాడు. ఆఖరి సంచికలో కుర్రాడికి తగలాల్సిన దెబ్బకు తాను అడ్డం వచ్చి పడిపోతాడు. అక్కడ సార్ రాసింది ఇంతే: ఏడో పేజీ. కుర్రాడు రుమాలు తీస్తాడు. మొహం.

అది రాసిన కొద్ది రోజులకే సార్‌కు పక్షవాతం వచ్చింది. ఎవరి మొహమో చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు. ఉస్తాద్ అంటే సారేనని ఎల్లేష్‌కు తెలుసు, డానియేలుకు తెలుసు, సార్‌కు అందరికంటే ముందు తెలుసు.

డానియేలు దుకాణం ముందు కుర్చీ వేసుకుని పెళ్ళికార్డులకు ఎర్రదారపు కుచ్చులు కడుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"తెచ్చినవా?"

"ఇంకా కాలే అన్నా."

"మొఖం కాలే. వారం సంది గదే పాట. అరె భాయ్, రెండు కండ్లు, ఒక ముక్కు, ఒక మూతి. కార్డు మీద గణపతిని నేను నిమిషంల గీస్త."

"గణపతికి తొండముంటది. ఎట్ల గీసినా గుర్తుపడ్తరు."

"సార్‌కు మాత్రం ఏం తక్కువ? ముక్కు ఉన్నది గద, తొండమంత." డానియేలు కుచ్చు ముడి పంటితో బిగించి, అప్పుడు చూశాడు. "ఏందిరా మొఖం గట్ల పెట్టినవ్?"

"నల్లగ నింపుదామనుకుంటున్న."

డానియేలు కుచ్చు కింద పెట్టాడు. లోపల యంత్రం ఒకే మాట పదే పదే అంటున్నట్టు చప్పుడు చేస్తోంది. ఎల్లేష్ కంటే ముందు సార్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నది డానియేలే. ఒకరోజు పదిమంది ముందర సార్ అతని కాగితం చూసి, నీది చెయ్యి కాదు డానియేలూ, యంత్రం, యంత్రం దగ్గరికే పో, అన్నాడు. డానియేలు నిజంగానే యంత్రం దగ్గరికి పోయాడు. కార్డు మీద గణపతికి తప్ప మళ్ళీ పెన్సిల్ పట్టలేదు.

"అమ్మ పేజీకి పగ తీర్చుకుంటున్నవా?" అన్నాడు.

ఎల్లేష్ సంచిని ఇంకో సంకలోకి మార్చుకున్నాడు.

"చూడు, మొదటి పిల్లగాన్ని నేను. కింద పడి సచ్చినోన్ని." డానియేలు పొట్ట మీద చరుచుకున్నాడు. "ఎట్ల బలిసిన్నో చూడు సచ్చినంక. సార్ ఆ కథ రాసేముందు ఈడికే వచ్చిండు ఎర్కనా? 'డానియేలూ, నిన్ను సంపుతున్న రా' అన్నడు. చాయ్ తాపిచ్చిండు."

"నీకు కోపం రాలే?"

"చాయ్ మస్తుండె." నవ్వాడు కాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నింపితే నింపు, నాకేంది. మషీన్‌కు మొఖమైనా నలుపైనా ఒకటే. కాని సార్‌ను చూసొచ్చి నింపు. దవాఖాన్ల నుంచి ఇంటికి తెచ్చినంక నువ్వు ఒక్కపారి గూడ పోలేదంట. రాధాబాయమ్మ నాకు ఫోన్ చేసి అడుగుతుంది, నేనేం చెప్పాలె?"

"గాడికే పోతున్న. అమ్మ పేజీ తెచ్చుకోవాలె."

"పేజీ కోసమా? సరే. గట్లనన్న పో."

శాలిబండలో సార్ ఇంటి వైపు నడక. చార్మినార్ చుట్టూ ఎప్పటిలాగే జనం. గాజుల దుకాణాల ముందు ఎల్లేష్ కాళ్ళు తమంతట తామే నెమ్మదించాయి. లక్క గాజుల మీద అద్దపు రాళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. అమ్మ ఇంట్లో కూర్చుని అంటించినవి ఇలాంటి రాళ్ళే. అమ్మ లీలమ్మ వేళ్ళ కొసలకు ఎప్పుడూ జిగురు ఎండి ఉండేది. అన్నం కలిపి పెడితే ముద్దలో ఒక్కోసారి చెమ్కీ తళుక్కుమనేది, చిన్న ఎల్లేష్ ఉమ్మేసేవాడు, ఆమె నవ్వేది. నవ్వేదని తెలుసు. ఆ నవ్వులో పెదవులు ఎటు వంగేవో తెలియదు.

తెలియదనే సంగతి తెలియడానికి కూడా చాలా ఏళ్ళు పట్టింది. అమ్మ పోయిన మరుసటి ఏడు మూడో సంచికలో ఆమెను గీశాడు. గడపలో కూర్చుని గాజులకు రాళ్ళు అంటిస్తున్న గాలిబిడ్డ తల్లి, నెత్తి మీద నుంచి ఎవరో ఎగిరిపోతే ఆ ఎగిరింది తన కొడుకేనని తెలియక తల ఎత్తి చూస్తుంది. ఆ బొమ్మలో ఒక్క గీత కూడా తడబడలేదు. జీవితంలో అంత బాగా మళ్ళీ గీయలేదు. సార్ చాలాసేపు చూశాడు. ఇంకు సీసా మూత తీశాడు. ఆ మొహాన్ని నల్లగా నింపేశాడు.

"నువ్వు ఏడ్వనీకి గీసుకున్నవ్," అన్నాడు. "సదివేటోనికి నీ ఏడుపుతోని పనేంది? మొఖం లేకుంటే ఎవరి అమ్మ వాళ్ళకు కనిపిస్తది."

కనిపించింది కూడా. అదే బాధ. సార్ తప్పు చేసి ఉంటే ద్వేషించడం తేలికయ్యేది. ఆ పేజీ గురించి ముక్కూ మొహం తెలియనివాళ్ళు దారిలో ఆపి చెప్పారు, అది మా అమ్మే అని. బస్సు డ్రైవర్ ఒకడు చెయ్యి పట్టుకుని విడవలేదు. ఎల్లేష్ ఆ పొగడ్తలు తీసుకున్నాడు, దాచుకున్నాడు, లోలోపల పొంగిపోయాడు. అమ్మ ఫోటో ఇంట్లో గోడకు ఉంది కదా, దండ వేసి. కాగితం మీద మొహం పోతే ఏం పోయింది?

తర్వాత కరోనా ఏడాది అక్టోబరులో వాన వచ్చింది. ఉప్పుగూడలో వాళ్ళ వీధి ఇళ్ళల్లోకి గుండెలోతు నీళ్ళు నిండాయి. తెల్లారి నీళ్ళు తీశాక గోడకు మేకు ఉంది, కింద బురదలో చట్రం ఉంది, చట్రంలో తెల్లగా ఉబ్బిన అట్టముక్క ఉంది. పెట్టెలో రేషన్‌కార్డు, పాస్‌పోర్టు ఫోటోలు అన్నీ ఒకే ముద్ద. మేనత్త పెళ్ళి ఆల్బంలో అమ్మ ఉందన్నారు. ఉంది. ముందు నిలబడ్డ ఎవరిదో తలపాగా అడ్డం వచ్చి కొప్పు ఒక్కటే కనిపిస్తోంది.

అప్పుడు మొదలుపెట్టాడు గుర్తు చేసుకోవడం. కళ్ళు మూసుకుంటే గడప వస్తుంది, గాజులు వస్తాయి, కొంగు వస్తుంది, మొహం దగ్గరికి వచ్చేసరికి నలుపు వస్తుంది. తలుచుకున్న ప్రతిసారీ గుర్తు కొంత అరుగుతుందని ఎక్కడో చదివాడు. నిజమైతే అమ్మను అరగదీసింది తానే, వెతికి వెతికి. ఇంకా లోతుకు వెళ్తే అక్కడ సార్ కుంచె ఉంది.

ఒక్క ఆశ మాత్రం మిగిలింది. పెన్సిల్ గీత ఇంకు కింద చావదు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నలుపు కింద పెన్సిల్ సన్నగా మెరుస్తుంది. ఎన్నో పాత పేజీల్లో చూశాడు. ఆ పేజీ సార్ దగ్గరే ఉంది, అన్ని పేజీలూ ఆయన దగ్గరే ఉంటాయి. వాన తర్వాత ఒకసారి అడిగాడు. "యాడికి పోతది, ఉంటది తియ్," అన్నాడు సార్, మాట మార్చాడు. ఇంకోసారి అడిగితే ఇంకో మాట చెప్పాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి ఒక కాగితం ఇవ్వడానికి ఇంత పిసినారితనం ఎందుకు చూపిస్తాడో ఎల్లేష్‌కు అర్థం కాలేదు. అర్థం కాని చోట కోపం గూడు కట్టుకుంది.

రాధాబాయి తలుపు తీసి, పక్కకు జరగకుండా కాసేపు అతన్నే చూసింది. సార్ భార్య. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి.

"ఇప్పుడు తీరిందా ఎల్లేషూ?"

"పని ఉండెనమ్మా."

"ఆ పని ఆయనదే కదా." పక్కకు జరిగింది. "రోజు తలుపు దిక్కే చూస్తరు. ఎవరి కోసమని అడిగితే చెప్పరు. లోపలికి రా."

సార్ కిటికీ పక్కన మంచం మీద, వీపుకు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎల్లేష్ ముందు ఆయన చెయ్యి చూశాడు. కుడిచెయ్యి, సన్నటి కుంచెతో వెంట్రుకవాసి తేడా రాకుండా గీత లాగిన చెయ్యి, ఒళ్ళో ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. తర్వాత మొహం చూశాడు. కుడి సగం కిందికి జారిపోయింది, మంటకు దగ్గరగా పెట్టిన మైనంలా. కన్ను సగం మూసుకుపోయి, మూతి కొస వంగి, తడిగా.

చూసింది ఒక్క క్షణమే. సార్ ఎడమచెయ్యి భుజం మీది తువ్వాలు అందుకుంది. తల మీదికి లాక్కుని, జారిన సగం మీదికి దించుకుంది. రుమాలు నీడలో ఉస్తాద్ ఎలా కూర్చుంటాడో సరిగ్గా అలాగే కూర్చున్నాడు సార్.

"ఎవరొచ్చినా గంతే," అంది రాధాబాయి మెల్లగా. "నా ముందర కూడా."

ఎల్లేష్ మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. ఎట్లున్నరు సార్ అని అడగాలి. అడగలేదు. మూడో సంచిక పేజీలు ఒకసారి కావాలమ్మా అన్నాడు గోడకు చెబుతున్నట్టు. తువ్వాలు కింద నుంచి ఒక కన్ను అతని వైపు తిరిగింది, వద్దనలేదు. రాధాబాయి బీరువాలోంచి పాత పంచెగుడ్డలో చుట్టిన మూట తెచ్చి ముందు పెట్టింది.

పేజీ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంచులు పసుపుపచ్చబడ్డాయి, నలుపు మాత్రం నిన్న పూసినట్టు ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకున్నాడు. కొంచెం ఇటు, కొంచెం అటు. మధ్యాహ్నపు ఎండ కాగితం మీద జారింది. కొంగు మడతలో ఇంకు కింద పెన్సిల్ సన్నగా మెరిసింది. మెడ దగ్గర మెరిసింది. మొహం దగ్గర ఏమీ లేదు.

ఇంకోలా పట్టుకున్నాడు. వెనక్కి తిప్పి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. నలుపు, నలుపు వెనక ఒట్టి కాగితం. వేలితో మెల్లగా తడిమాడు. కాగితం అక్కడ నున్నగా లేదు, నూగు లేచి ఉంది. ఆ నూగు అతని వేలికి తెలుసు. రోజూ తగిలే నూగే అది, రబ్బరు రుద్దినచోట లేచే నూగు.

అప్పుడు గుర్తొచ్చింది. కాదు, గుర్తు లేకపోవడం ఎప్పుడూ లేదు, అటు వైపు చూడలేదంతే. నలుపు దట్టంగా పట్టాలంటే ముందు కింద పెన్సిల్ రుద్దేయాలి, లేకపోతే ఇంకు పట్టదు, పెన్సిల్ మీద జారి బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ పనిలోకి వచ్చినవాడికి మొదటి రోజే నేర్పే సంగతి. ఎల్లేష్ ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు రుద్ది ఉంటాడో. నిన్న కూడా నీళ్ళ ట్యాంకుల నీడలు నింపేముందు రుద్దాడు. ఆ రోజు సార్ కూడా రుద్దాడు. సీసా మూత తీయడానికి ముందే. రబ్బరు పొడిని ఉఫ్ అని ఊదాడు, ఆ పొడి వచ్చి ఎల్లేష్ మోచేతి మీద పడింది. అన్నీ గుర్తుంచుకుని ఆ రబ్బరును మాత్రం మనసు ఇన్నేళ్ళు బయటే నిలబెట్టింది. రుద్దాడని ఒప్పుకుంటే నలుపు కింద అమ్మ ఉండదు కదా.

సార్ పేజీ ఎందుకు ఇవ్వలేదో ఇప్పుడు తెలిసింది. పిసినారితనం కాదు. ఇస్తే రుద్దిన చోటు చూస్తాడని.

కాగితం దించబోయాడు. దించేటప్పుడు ఎండ ఇంకో కోణంలో పడి, నలుపు అంచున సన్నటి గాడి ఒకటి కనిపించింది. కాగితంలోకి దిగిన గీత. మెరుపు లేదు, లోతు ఉంది. వంపు తిరిగి, లోపలికి మడతపడి, కింద చిన్న చుక్కతో ఆగింది. చెవి. చుక్క, ఆమె పెట్టుకునే ఒంటిరాయి కమ్మ.

మొహం గీసేటప్పుడు చెవితో మొదలుపెట్టాలని నేర్పింది సారే. మొఖం మారుతది, ఏడుస్తది, నవ్వుతది, అబద్ధం చెప్తది, చెవి మారదు, ముందు దాన్ని గట్టిగ నాటు, మిగిలినది దానికే వేలాడుతది, అనేవాడు. అందుకే ఎల్లేష్ ఎప్పుడూ మొదటి గీత చెవికి పెట్టేవాడు, బరువంతా దాని మీద వేసి. రబ్బరుకు పెన్సిల్ పోయింది, గాడి పోలేదు.

వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. మాట కావడానికి చాలా కష్టపడింది అది.

"చె... చెవి."

ఎల్లేష్ తిరిగాడు.

"చెవి... రుద్దలే," అన్నాడు సార్ తువ్వాలు కింద నుంచి. "ఇడిసి... పెట్టిన."

నిజమా? చెవిని కావాలనే వదిలిపెట్టాడా, ఆ రోజు ఆ ఒక్కటి నీకు ఉండనీ అనుకుని? లేక రుద్దినా పోని గాడిని చూసి ఇప్పుడు తన దానంగా చెప్పుకుంటున్నాడా? ఆ ఒంటి కన్నులోకి చూశాడు. జీవితమంతా చూసిన కన్నే, అందులో ఏముందో ఎప్పుడు తెలిసింది కనుక. తోసినప్పుడు ఎగురుతాడని తెలిసి తోశాడా అని చదివేవాళ్ళు అడుగుతారు. సార్ ఏ సంచికలోనూ చెప్పలేదు. బహుశా ఆయనకు తెలియదేమో.

"అమ్మ మొఖం నాకు యాదికి లేదు సార్," అన్నాడు ఎల్లేష్. "ఎంత తలుసుకున్నా రాదు."

సార్ కన్ను మూసుకున్నాడు. రాధాబాయి గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సార్ మళ్ళీ ప్రయత్నించాడు. "ఏడో... పేజీ?"

"తెచ్చిన. మొఖం కాలే."

ఎడమచెయ్యి తువ్వాలు అంచును ఇంకా కిందికి లాగింది. "నల్లగ... పెట్టు," అన్నాడు. "ఎవరి... ఉస్తాద్... వాళ్ళకు..."

మిగిలిన మాట రాలేదు. ఎల్లేష్‌కు ఆ మాట తెలుసు. పదహారేళ్ళు అదే మాట మోశాడు. కనిపిస్తడు. వారం నుంచి తాను చేయాలనుకున్నదే సార్ ఇప్పుడు అడుగుతున్నాడు. ఇంకు సీసా సంచిలోనే ఉంది. నింపితే ప్రతీకారం తీరుతుంది, ఆజ్ఞ కూడా పాటించినట్టవుతుంది. చదివేవాళ్ళు మెచ్చుకుంటారు, సార్ సిగ్గు నలుపు వెనక దాక్కుంటుంది. అందరికీ బాగుంటుంది. ఎప్పటిలాగే, సార్ చెప్పిందే బొమ్మకు మంచిది.

రేపో మాపో ఈ మంచం ఖాళీ అవుతుంది. రాధాబాయి కళ్ళు మూసుకుని తలుచుకుంటుంది. డానియేలు యంత్రం పక్కన తలుచుకుంటాడు. తాను తలుచుకుంటాడు, ఇష్టం లేకపోయినా. తలుచుకుని తలుచుకుని అరగదీస్తారు. ఈ జారిన మూతి, ఈ తడి, డానియేలు ఏడిపించిన ఈ ముక్కు, ఇవన్నీ ఎటో పోతాయి. చివరికి ఒక గడప దగ్గరికి వచ్చి ఆగుతారు, అక్కడ నలుపు ఉంటుంది.

క్షమించాడా? వెతికితే లోపల అలాంటిదేమీ దొరకలేదు. కోపం ఉన్నచోటే ఉంది. దాని పక్కనే ఇంకోటి ఉంది, దానికి పేరు లేదు.

సంచిలోంచి ఏడో పేజీ తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. ఇంకు సీసాను సంచి అడుక్కి తోశాడు. పీట జరుపుకుని మంచానికి దగ్గరగా, కుడి వైపుకు, జారిన సగం వైపుకు వచ్చి కూర్చున్నాడు. సార్ ఎడమచెయ్యి తువ్వాలును గట్టిగా పట్టుకుంది.

"కదలకుర్రి సార్," అన్నాడు.

రెండు వేళ్ళతో తువ్వాలు అంచు పట్టుకుని, చెవి కనిపించేదాకా పక్కకు జరిపాడు. పెన్సిల్ మొన తెల్లకాగితానికి ఆనించి, ఏ రబ్బరుకూ పోనంత గట్టిగా, మొదటి గీత నొక్కాడు.